అరవై ఒకటో రోజు

రాత్రి పన్నెండు దాటినా
డెర్వ్లా నీలం కారులో మారిందేమీ లేదు.
అవే నాలుగు చక్రాలు, వెనక సీట్లో అదే గొడుగు,
కిటికీ రబ్బరు అంచున
ఎనిస్టైమన్ వానల్లో మొలిచి
ఈ పోర్చుగల్ ఎండకు మాడిన పాచి.
మారింది కాగితం.

విదేశంలో అరవై రోజులు పూర్తి రక్షణ, అని రాసుంది.
ఆరు వారాల్లో తిరిగొద్దామనుకుంది.
బిరడాల బెరడిచ్చే చెట్టెక్కి
తమ్ముడు ఫిన్టన్ తుంటి విరగ్గొట్టుకున్నాడు.
డాక్టరిచ్చిన గడువు ఎముక వినిపించుకోలేదు.
పాలసీకి షష్టిపూర్తి అయిపోయింది,
దండల్లేవు, భోజనాల్లేవు.

ఫోన్లో లిమరిక్ నుంచి ఓ కుర్రాడు,
బట్టీపట్టిన పాఠం ఇంకా తడారని గొంతు:
"ఇకమీదట మేడమ్, మీ వల్ల ఇతరులకు జరిగే నష్టం మేం కడతాం.
మీకు జరిగేది మాత్రం..."
"నాది."
"అవును మేడమ్. పొడిగింపు బయల్దేరే ముందే అడగాల్సింది."

బయల్దేరే ముందు ఎవరికి తెలుస్తుంది?
పొయ్యి మీది పాలగిన్నె దించి
ఓడ టికెట్టు కొన్న మనిషి ఆమె.

మా వ్యాకరణంలో
వాడూ ఆమే ప్రథమ పురుష.
'నేను' ఉత్తమ పురుష, పేరుకే ఉత్తమం,
వరసలో ఆఖరు.
కంపెనీ దారినపోయేవాణ్ణి మూడో మనిషన్నది గానీ
గడువు దాటాక కాపాడేది
వాణ్ణొక్కణ్ణే.

ఆ వారమంతా
ఎరువు తెచ్చుకున్న గాజుగిన్నెలా కారు నడిపింది.
రెండో గేరు.
వెనకాల లారీల తిట్లు.
ఎడమకు పోయే చేతుల్ని
ప్రతి మలుపులోనూ పైకే గదమాయించేది:
కుడి, కుడి, ముసలిదానా, కుడి!

అరవై ఏడో రోజు
మందుల సంచితో వస్తుంటే
ఎదురెండ కళ్లలో పడింది.
అన్సెల్ము గారి గోడ, సున్నం లేకుండా పేర్చిన రాళ్లు,
నెమ్మదిగా, దాదాపు మర్యాదగా
బానెట్ మీదికి ఒరిగింది.

మెడలో తువ్వాలు, నోట్లో ముద్ద,
ఆయన బయటికొచ్చి
ముందు రాళ్లను చూశాడు. తర్వాత ఆమెను. మళ్లీ రాళ్లను.
ఆమె ఫైలు తెరిచి
తనకొచ్చిన ఇరవై పోర్చుగీసు మాటల్లో
పదకొండు ఖర్చుపెట్టింది:
గోడకు డబ్బు ఉంది. కారుకు లేదు.
మీకు ఉంది. నాకు లేదు.

ఆయనకు ఏమర్థమైందో.
కాగితం తీసుకుని, మడిచి,
గాలికి ఎగరకుండా ఓ రాయి కింద పెట్టి
ఆ పక్క రాయి ఎత్తాడు.
ఈ గోడను వాన ఆరుసార్లు పడగొట్టిందట,
మేనమామ ట్రాక్టరు ఒకసారి.
చేతులతో చెప్పాడు, ట్రాక్టరుకు బుగ్గలు పూరించి శబ్దం కూడా.

మధ్యాహ్నానికి గోడ లేచింది.
సాయంత్రానికి రబ్బరు సుత్తితో లోపల్నించి తట్టి
మడ్‌గార్డు సొట్ట తీశాడు, సగమే వచ్చింది.
పగిలిన దీపం చోట
మేనల్లుడి పాత కారుదొకటి తీగతో కట్టాడు.
ఇప్పుడు బండికి ఒక కన్ను తెలుపు, ఒక కన్ను పసుపు.
ఊతకర్ర మీద ఫిన్టన్ వాకిట్లోకొచ్చి,
దీంతో ఓడ ఎక్కనివ్వరు, అన్నాడు.
ఎక్కనిచ్చారు.

చలికాలంలో పాలసీ తిరగరాసే ఫారం వచ్చింది.
గత ఏడాది ప్రమాదాలేమైనా? వివరాలు రాయండి.
రెండు గీతల చోటు.
కలం మూత నోట్లో పెట్టుకుని
ఆమె నిజమే రాసింది:
రాళ్లు పడ్డాయి, పదకొండు.
తిరిగి పెట్టాం, పన్నెండు.